కొలువు బొమ్మ ఎందుకు పగులుతుంది?

దసరా బొమ్మల కొలువు మెట్ల మీద రెండు రకాల కొయ్యబొమ్మలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి ఎర్రచందనంతో చేసిన మరపాచి జంట. రెండోది కొండపల్లి ఏనుగు అంబారీ. మరపాచి బొమ్మను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. కొండపల్లి బొమ్మను అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఇంత తేడా ఎక్కడిది?

విచిత్రమేమిటంటే, ఏ చెట్టు కొయ్యలోనైనా కణకవచాల సాంద్రత దాదాపు ఒక్కటే. ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. తేడా అంతా కణాల లోపలి ఖాళీలో ఉంది. ఎండిన కొయ్య ఘన సెంటీమీటరు 0.3 గ్రాములే తూగిందంటే, అందులో 5వ వంతు మాత్రమే పదార్థం, మిగతా 80 శాతం గాలి. కొండపల్లి కళాకారులు వాడే తెల్లపొణికి అలాంటి తేలిక కొయ్య. ఉలికి సులువుగా లొంగుతుంది.

ఈ ఏడు ఒకటి రెండు బొమ్మలు మీరే చేయదలిస్తే పొణికి కోసం వెతకనక్కరలేదు. అది అడవుల్లోనే అరుదైపోయింది. పాత పాకింగు పెట్టె చెక్కో, గాలికి విరిగిన కొమ్మో చాలు. పెట్టె చెక్క మీద ముద్ర ఉంటే మాత్రం చూడండి. 'హెచ్.టి.' అని ఉంటే కొయ్య లోపలి భాగాన్ని కూడా 56 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషాలు ఉంచి పురుగులను చంపారని అర్థం. 'ఎం.బి.' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు. దాన్ని పక్కన పెట్టేయండి.

ఖర్చు లేని పని కదా అని పచ్చికొమ్మను నరికి, చెక్కి, రంగు వేస్తే బొమ్మ నవమి నాటికి ముచ్చటగానే ఉంటుంది. సంక్రాంతికి దాని పొట్ట మీద నిలువునా చీలిక వస్తుంది. తప్పు మీ చేతిది కాదు, నీటిది. పచ్చికొయ్యలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల ఖాళీల్లోని నీరు ముందుగా పోతుంది, దానివల్ల కొలతలు మారవు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాత కణకవచాల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కొయ్య కుంచించుకుపోయేది అప్పుడే. అదీ అన్ని వైపులా సమానంగా కాదు. జాతిని బట్టి మారినా, పూర్తిగా ఎండేసరికి పొడవులో తగ్గేది 0.2 శాతం లోపే. కేంద్రం నుంచి బయటికి, అంటే వ్యాసార్థం వెంట, సుమారు 4 శాతం. వార్షిక వలయాల వెంట సుమారు 8 శాతం.

చిన్న లెక్క వేద్దాం. 5 సెంటీమీటర్ల వ్యాసమున్న కొమ్మ చుట్టుకొలత 15.7 సెంటీమీటర్లు. వలయం వెంట 8 శాతమంటే 1.26 సెంటీమీటర్లు తగ్గాలి. కానీ వ్యాసార్థం 4 శాతమే తగ్గుతుంది కనుక చుట్టుకొలతకు 0.63 సెంటీమీటర్ల మేరకే వీలుంది. మిగిలిన 0.63 సెంటీమీటర్లు ఏమవుతాయి? చీలికగా నోరు తెరుచుకుంటాయి!

అందుకే కొమ్మను ముందే దవ్వ మీదుగా నిలువునా రెండు బద్దలు చేయాలి. అప్పుడు ఆ లాగుడుకు బద్ద కొంచెం వంగుతుందే గాని అంత సులువుగా పగలదు. నీరు నిలువునా త్వరగా కదులుతుంది కాబట్టి రెండు కొసలూ ముందుగా ఎండి చీలతాయి. కొసలకు కరిగిన కొవ్వొత్తి మైనం పూసి, ముక్కలను నీడలో, గాలి ఆడేచోట ఉంచండి. వారానికొకసారి చిన్న త్రాసులో తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిందంటే కొయ్య చుట్టూ ఉన్న గాలితో సమతాస్థితికి వచ్చిందన్నమాట. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతముంటే కొయ్యలో దాదాపు 16 శాతం తేమ నిలుస్తుంది. 40 శాతానికి పడిపోతే అది 8 శాతం దరిదాపులకు వస్తుంది. దసరా వానల వెనుకే వస్తుంది కనుక, అప్పుడు "ఎండిన" కొయ్య కూడా వేసవిలో ఇంకాస్త తగ్గుతుంది. కొండపల్లిలో చెక్కిన ముక్కలను సన్నసెగ మీద కాచేది ఈ తేమను వదిలించడానికే.

కాళ్లు, తొండం విడిగా చేసి అతికించడానికి అక్కడ 'మక్కు' వాడతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. నాకు ఈ చేతిపనిలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. చింతగింజలో ఉండే జైలోగ్లూకాన్ అనే పిండిపదార్థానికి సెల్యులోజును అంటిపెట్టుకునే గుణం ఉంది. మొక్కల కణకవచాల్లోనూ ఆ రకం పదార్థమే సెల్యులోజు పోగులను పట్టి ఉంచుతుంది! రసాయనం పేరు తెలియకుండానే మన పనివారు కొయ్యకు కొయ్య జిగురునే ఎంచుకున్నారు. వేయించిన చింతగింజల పొట్టు తీసి, మెత్తగా విసిరి, నీళ్లలో ఉడికిస్తే మీ ఇంట్లోనూ తయారవుతుంది.

రంగుల విషయంలో మాత్రం పొదుపు చేయకండి. అటక మీది పాత పసుపు, నారింజ ఎనామిల్ డబ్బాల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో గృహ అలంకరణ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు కొన్న డబ్బాలు వద్దు. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకోక మానరు. సుద్దపూత మీద నీటి రంగులు చాలు. పసుపుకొమ్ము రంగు బాగానే పడుతుంది గాని, వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది.

కొలువు ఎత్తేశాక బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో బిగించవద్దు. తేమ 20 శాతం దాటితే బూజు పడుతుంది. నూలుగుడ్డలో చుట్టండి. చుట్టేముందు ఒకసారి తూచి, ఆ అంకెను బొమ్మ అడుగున పెన్సిలుతో రాయండి. వచ్చే దసరాకు బయటికి తీసి మళ్లీ తూస్తే, ఏడాదిలో అది ఎంత నీరు తాగిందో, ఎంత వదిలిందో మీకే తెలుస్తుంది.