నగదు లేని బేరము – నడుమ చిక్కిన సొమ్ము

రాజోలులో కొబ్బరి బొండము త్రాగి, సెల్‌ఫోనుతో వెల చెల్లించితిరనుకొనుడు. మీ ఖాతాలో సొమ్ము తరిగినది, అమ్మినవానికి చేరలేదు. అది ఏమైనట్లు?

2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతిలో మొదట మీ బ్యాంకు సొమ్మును మీ ఖాతానుండి తగ్గించును. పిదప జాతీయ చెల్లింపుల సంస్థ ద్వారా అవతలి బ్యాంకునకు జమ చేయుమని కబురు పోవును. నడుమ జవాబు తెగినచో సొమ్ము త్రిశంకువువలె నిలుచును.

2019 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము అట్టి సొమ్ము వ్యక్తికి పంపినదైతే మరునాటికి, వర్తకునికి పంపినదైతే 5 దినములలో తిరిగి మీ ఖాతాకు రావలెను. ఆపైన ఆలస్యమైన ప్రతి దినమునకు 100 రూపాయల పరిహారము కలదు.

కాని బొండములమ్మువానికి బియ్యము ఆ పూటకే కావలెను గదా! కొంత చిల్లర వెంటనుంచుకొనుట మేలు.