మంచుబండికి త్రాడా, మీటా?

మన దేశమున మంచు కురియు సీమలు హిమాలయ ప్రాంతమునందే కలవు. కాశ్మీరయాత్ర పోయి గుల్మార్గు చూచినవారు అచ్చటి మంచుమీద గర్జించుచు పరుగులిడు చిన్నబండ్లను చూచియే యుందురు. ఆ బండికి చక్రములు లేవు. ముందు రెండు పలకలు, వెనుక గొలుసువలె తిరుగు వెడల్పైన రబ్బరు పట్టీ యుండును. దానికి స్నోమొబైలని పేరు; మనము మంచుబండి యనుకొందము. మనకది వినోదవస్తువు. రూకలిచ్చి యెక్కి, కొంతసేపు తిరిగి, దిగి వచ్చెదము. కాని కెనడా, అలాస్కాల ఉత్తరపు పల్లెలలో అది మన యెద్దుబండివంటిది. కట్టెలకు, వేటకు, చేపలకు, పొరుగూరికి దానినే నమ్ముకొందురు. నేడు మన తెలుగు ఆడపడుచులు మిన్నెసోటా, మిషిగను, ఆల్బర్టా మొదలగు చలిసీమలలోను కాపురములు చేయుచున్నారు. అచ్చటివారిని చూచి వారును ఈ బండిని కొనబోవునపుడు ఎదురగు ప్రశ్నలలో ముఖ్యమైనది యిది: ఇంజనును త్రాడు లాగి నడిపించునది కావలయునా, మీట నొక్కిన నడచునది కావలయునా?

"అది మగవారు తేల్చుకొనవలసిన మాట గదా" యని పుట త్రిప్పబోవు సోదరీమణులు కొంచెమాగవలెనని మా ప్రార్థన. ఈ బండి చరిత్రలో ఒక తల్లి కడుపుకోత యున్నది. కెనడాలోని క్వెబెకు రాష్ట్రమున వాల్కూరు అను చిన్న గ్రామమున జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే అను యంత్రకారుడుండెను. అతడు 1907లో పుట్టి 1964లో గతించెను. మోటారు మరమ్మతులతో జీవించుచు, మంచుమీద నడచు బండి నొకదానిని చేయవలెనని చిన్ననాటినుండియు పాటుపడుచుండెను. 1934 శీతకాలమున అతని రెండేండ్ల కుమారునకు కడుపులో వాపు ముదిరి ప్రాణముమీదికి వచ్చెను. త్రోవలన్నియు మంచుతో పూడిపోయి యుండెను. తండ్రి చేయుచున్న బండి యింకను పూర్తికాలేదు. ఆసుపత్రికి చేర్చు సాధనము లేక బిడ్డ దక్కలేదు. మూడేండ్ల పిమ్మట, 1937లో, ఆతడు రబ్బరు పట్టీని త్రిప్పు యంత్రమునకు పేటెంటు పొందెను. ఏడుగురు కూర్చుండు ఆ బండ్లను వైద్యులును కొనిరి. తరువాత వచ్చిన పెద్దబండ్లలో బడిపిల్లలనుకూడ చేరవేసిరి. ఒకరిద్దరు స్వారిచేయు నేటి చిన్నబండి, స్కీ-డూ అను పేరున, 1959లో వెలువడెను.

మరుసటి యేడు, 1960 మార్చిలో, మిన్నెసోటాలోని రోజో పట్టణమున ఇట్టి బండ్లనే చేయు పొలారిసు సంస్థవారు తమ బండ్ల సత్తువ లోకమునకు చూపుటకై అలాస్కాలో బెథెల్ నుండి ఫెయిర్‌బ్యాంక్సువరకు వేయి మైళ్లకు పైబడిన మంచుదారిని దాటిరి. ఆ నలుగురిలో రూడీ బిల్‌బెర్గు అను విమానచోదకుని భార్య బెస్సీయు నొకతె. కావున ఈ బండి ఆడుదానికి క్రొత్త గాదు.

ఇక ప్రశ్నకు వత్తము. ఏ ఇంజనైనను తనంతతాను మేల్కొనదు. మొదటి చుట్టు మరియొకరు త్రిప్పవలయును. మనము పెరుగు చిలుకునపుడు కవ్వమునకు త్రాడు చుట్టి లాగుదుము; త్రాడు వచ్చుకొలది కవ్వము తిరుగును. మంచుబండి త్రాడును అంతియే. కవ్వపుత్రాటికి రెండు కొసలును మన చేతులలో నుండును. ఇందు ఒక కొసకు పిడి యుండును, రెండవ కొస లోపలి గిలకకు బిగియించి యుండును. పిడి పట్టి లాగినచో గిలకయందలి కొక్కెములు ఇంజనును పట్టుకొని త్రిప్పును. ఇంజను అంటుకొనగనే కొక్కెములు విడిపోవును. లోపలి స్ప్రింగు త్రాటిని మరల చుట్టుకొనును. ఇందు చెడిపోవుటకు ఎక్కువ వస్తువులు లేవు. త్రాడు తెగవచ్చును, స్ప్రింగు విరుగవచ్చును, అంతే.

మీట పద్ధతికి ఒక బ్యాటరీ, ఒక చిన్న విద్యుత్ మోటారు, పండ్లచక్రము కావలయును. దీని పుట్టుక మోటారుకార్లలో. పూర్వము కారు ముందు నిలిచి ఇనుప హ్యాండిలు త్రిప్పవలసి యుండెను. మన లారీలకును పొలములలోని ఆయిలింజన్లకును ఆ హ్యాండిలు ఉండుట పెద్దలకు జ్ఞాపకముండును. ఇంజను వెనుకకు తన్నినచో హ్యాండిలు తగిలి మణికట్లు విరిగెడివి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ చేసిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్ కార్లలో చేరినపిమ్మట స్త్రీలు పరుల సాయము లేకయే కారు నడుపుట సుకరమయ్యెను. మీట సోమరులకొరకు పుట్టినదని వేళాకోళము చేయువారికి ఈ సంగతి చెప్పవలసి యున్నది.

మా పినతల్లి కుమార్తె మిన్నెసోటాలో నున్నది. గత శీతకాలమున ఫోనులో, "అక్కయ్యా, ఆయన త్రాడే చాలునందురు. నేనుండగా నీవు లాగనేల, మీటకిచ్చు డబ్బు దండుగయందురు. నీవేమందువు?" అని యడిగెను. మా మరదిగారి మాటలో ప్రేమ యున్నది, లెక్క లేదు. ఆయన ఉద్యోగరీత్యా ఊరూరు తిరుగువారు, అది యొకటి. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఇద్దరును కలసి అడవిదారిని పోయినపుడు ఆయనయే జారిపడి చేయి విరుగగొట్టుకొన్నచో బండిని ఇంటికి తెచ్చువారెవరు? ఆపద వేళ త్రాడు లాగవలసిన చేయి ఇంటిలో బలమైన చేయియే యగునని ఎవరు చెప్పగలరు? బండి కొనునపుడు ఇంటిలో దానిని నడుపువారందరిలో బలహీనమైన చేతిని లెక్కలోనికి తీసికొనవలెనని మా యభిప్రాయము.

దానికొక పరీక్ష కలదు. దుకాణములోని వెచ్చదనమున ఏ బండియైనను తేలికగా లేచును. రాత్రియంతయు ఆరుబయట చలిలో నిలిచిన బండిని తెల్లవారినపిమ్మట ఇల్లాలు స్వయముగా లాగి చూడవలయును. పెట్రోలులో నూనె కలిసి కాలునట్టి టూస్ట్రోకు చిన్న ఇంజనైనచో, మన పాత స్కూటరువలె, మూడు నాలుగు లాగులకు లేవవచ్చును. ఎనిమిదివందల సీసీల పెద్ద ఇంజనైనచో భుజము పట్టునంత బరువు. కార్లవలె పనిచేయు ఫోర్ స్ట్రోకు ఇంజన్లకు సామాన్యముగా మీటయే యుండును. వానిలో కొన్నింటికి త్రాడు బొత్తిగా లేదు. ఇది కొనకముందే అడిగి తెలిసికొనవలసిన మాట.

ఏలయనగా మీటకును దోషము కలదు. బ్యాటరీ చలికి లొంగును. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో సీసపు బ్యాటరీ శక్తి సుమారు సగమునకు పడిపోవును. ఆ చలికే ఇంజనులోని నూనె చిక్కబడి త్రిప్పుట కష్టమగును. బలము తగ్గునప్పుడే బరువు పెరుగునన్నమాట. భారతమున కర్ణునకు నేర్చిన విద్య యుద్ధము ముదిరిన గడియయందే మరపునకు వచ్చెను. బ్యాటరీ స్వభావము నట్టిదే. నిండుగా ఛార్జీ యున్న బ్యాటరీ సామాన్యమైన శీతకాలపు చలికి గడ్డకట్టదు. ఖాళీయైనది సుమారు సున్నకు దిగువ 10 డిగ్రీలకే గడ్డకట్టి పగులవచ్చును. వేసవిలో బండి నెలలతరబడి మూలపడి యుండునుగదా, అప్పుడు బ్యాటరీని విప్పి, మెల్లగా ఛార్జీ నిలుపు పరికరమునకు తగిలించి యుంచవలయును. ఊరగాయ జాడీని వారమున కొకసారి చూచుకొను ఇల్లాలికి ఇది భారము కాదు.

బరువు సంగతియు నున్నది. బ్యాటరీ, మోటారు, చక్రము కలసి పదిహేను ఇరువది పౌనులు బండికి చేరును. చదునైన నేలమీద నది తెలియదు. కొండలలో నిలువెత్తు మెత్తని మంచున బండి కూరుకొన్నపుడు చేతులతో త్రవ్వి పైకెత్తవలసిన వారికి ప్రతి పౌనును శత్రువే. అందుకే కొండలెక్కు పడుచువారు త్రాటినే కోరుదురు. వారి కోరిక న్యాయమే. చెరువు గట్లవెంబడి, ఊరి చివరి బాటలవెంబడి కుటుంబముతో తిరుగువారు కొండవీరులను చూచి బండి నెంచుకొనుట మాత్రము తగదు.

స్కీ-డూవారు 2018 నాటి నమూనాలనుండి నడిమి మార్గమొకటి తెచ్చిరి. అందు బ్యాటరీ యుండదు. విద్యుత్తును కొంతసేపు దాచుకొను కెపాసిటరు ఉండును. మొదట త్రాడు లాగి ఇంజనును లేపవలయును. పిమ్మట త్రోవలో కొంచెముసేపు ఆపినపుడు మీట నొక్కిన మరల లేచును. తెలివైన యేర్పాటే. అయితే తెల్లవారుజామున గడ్డకట్టిన బండిని తొలిసారి లేపుటయే కష్టము. ఆ కష్టమును అది తీర్పదు. మా చెల్లెలివంటివారికి అది చాలదని చెప్పితిమి.

కావున కుటుంబమునకు మీట యుండవలయును, దానితోపాటు త్రాడును ఉండవలయును. ఉండుట చాలదు, ఇల్లాలు ఆ త్రాటిని లాగ నేర్చియుండవలయును. బండి ప్రక్కను కాళ్లు గట్టిగా నిలుపుకొని, ముందు త్రాటిని మెల్లగా లాగవలయును. లోపలి కొక్కెములు పట్టుకొని బరువు తగిలినపుడు ఒక్క ఊపున లాగవలయును. త్రాటిని చివరివరకు ఈడ్చరాదు, తెగును. పిడిని గాలిలో విడువరాదు; చేద నూతిలోనికి జారవిడుచునట్లు చేయి వెంటబెట్టి లోనికి పోనీయవలయును. విదిలించి వదలినచో స్ప్రింగు పాడగును. మీటయైనను పది సెకండ్లకు మించి నొక్కిపట్టరాదు; అరనిమిషము ఆగి మరల ప్రయత్నింపవలయును. ఏ పద్ధతియైనను, లేపుటకు ముందు పెట్రోలు మీట నొకసారి నొక్కి విడిచి అది తిరిగి తన చోటికి వచ్చుచున్నదో లేదో చూడవలయును. అది చిక్కుకొని యున్నచో బండి లేచిన క్షణముననే ముందుకు దూకును. మనిషి పడిపోయినచో ఇంజను నాపు సన్నని త్రాటిని ఒంటికి తగిలించుకొనవలయును. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు కలదు. శాలువ కొసలు లోపల దోపుకొనవలయును.

పాతబండి కొనువారికి మరి రెండు మాటలు. త్రాటిని మెల్లగా కొసవరకు బయటికి తీసి, పోగులు లేచినవేమో వ్రేళ్లతో తడిమి చూడవలయును. కొత్త త్రాటి ఖరీదు స్వల్పము. ఒకటి కొని సామాను సంచిలో నుంచుకొనవచ్చును. పాత నమూనాలలో గిలక చెడినచో బానెటు విప్పి ముందరి పుల్లీకి విడిత్రాడు చుట్టి లాగు ఉపాయము కలదు. అది ఆపత్కాలమునకే, అమ్మువానిచేత ఒకసారి చేసి చూపించుకొనవలయును. బ్యాటరీమీద తయారైన నెల, సంవత్సరము సాధారణముగా ముద్రించి యుండును. నాలుగైదు శీతకాలములు దాటినదైనచో దాని వెలను బండి ధరలో తగ్గింపుమని అడుగవచ్చును.