కలపడం వేరు, కల్తీ వేరు

“కలిపిన సరుకు” అనగానే మనవారికి అనుమానం పుడుతుంది. పాలలో నీళ్ళు, మిరపపొడిలో ఇటుకపొడి చూచి చూచి కలిగిన అనుమానమది. కాని కాఫీపొడి అంగడికి పోయి, ఇంత పీబెర్రీ, ఇంత రోబస్టా, ఇంత చికోరీ అని చెప్పి మరీ కలిపించుకొనేదీ మనమే గదా! ఒక గింజకు వాసన, మరొక దానికి చిక్కదనం. రెండూ కలిస్తేనే పాలు పోసినా నిలబడే డికాక్షన్ దిగుతుంది. రమ్ము సంగతీ ఇంతే.

ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో మద్యం ప్రసక్తి ఏమిటని పెద్దలు కోపగించవద్దు. తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. తాగేవారున్న లోకంలో, కలపడమేదో కల్తీ ఏదో తెలిసి ఉండడం మంచిదని మాత్రమే చెబుతున్నాను.

రమ్ము చెరకు బిడ్డ. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి, కాచి దించి, ఓక్ కర్ర పీపాలలో ఏళ్ళ తరబడి ఉంచుతారు. జమైకా వారు చాలా రోజులు పులియబెట్టే రకానికి మిగలపండిన అరటిపండు, అనాసపండు వాసన వస్తుంది. గయానాది బరువైన సరుకు. మాడిన బెల్లపు పాకాన్ని తలపిస్తుంది. అక్కడ పాతకాలపు కర్ర బట్టీలు నేటికీ పనిచేస్తున్నాయి. బార్బడోస్‌ది ఒద్దికైన మధ్యరకం. 19వ శతాబ్దంలో మద్రాసు రేవులో ఓడలెక్కి గయానా చెరకు తోటలకు పోయిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. ఆ చెరకులో మనవారి చెమట కూడా ఉన్నదన్నమాట.

ఇక కలపవలసిన అవసరం ఎందుకు వచ్చింది? 1944లో అమెరికాలోని ఓక్లాండ్ పట్టణంలో విక్టర్ బెర్జరాన్ అనే హోటలు యజమాని జమైకాకు చెందిన 17 ఏళ్ళ నాటి రమ్ములో నిమ్మరసం, నారింజ మద్యం, బాదం పాకం చేర్చి ‘మాయ్ టాయ్’ అనే పానీయం తయారుచేశాడు. దానికి ఎంత గిరాకీ వచ్చిందంటే, ఆ పాత రమ్ము నిల్వలే అడుగంటాయి. అప్పుడాయన వేరువేరు రమ్ములను కలిపి ఆ పాత రుచిని తిరిగి పట్టుకోజూశాడు. ఒకటి లేని లోటును రెండు కలిసి తీర్చాయి.

ఇటువంటి పానీయాల కోసమే 2016లో ఒక కంపెనీ ఈ విద్యలో చేయి తిరిగిన కొందరిని కూర్చోబెట్టి, గయానా, జమైకా, బార్బడోస్ రమ్ములు మూడింటినీ కలిపించింది. దాని పేరు ఓ.ఎఫ్.టి.డి. బానిసల కాలాన్ని గుర్తుచేసే ‘ప్లాంటేషన్’ అన్న తన రమ్ముల పేరును ఆ కంపెనీ తరువాత ‘ప్లాంటరే’గా మార్చుకున్నది. విదేశం నుండి వచ్చిన మా బావమరిది ఒక సీసా తెచ్చినందున రుచి చూసే అవకాశం కలిగింది.

దానిలో సారం నూటికి 69 పాళ్ళు. మన దేశపు రమ్ములో సాధారణంగా 42.8 మాత్రమే. కనుక దీన్ని పచ్చిగా తాగడం తెలివితక్కువ; పొయ్యి దగ్గర పెట్టడం ప్రమాదం. అర ఔన్సుకు అర ఔన్సు నీళ్ళు చేర్చాము. ముక్కు దగ్గర పెట్టగానే మొదట నారింజ తొక్క, వెనుక కాఫీ, ఆపైన మాడిన బెల్లం. నాలుక మీద మాత్రం కరకు. ఒంటరిగా ఆనందించే సరుకు కాదు. తరువాత నిమ్మరసం, పంచదార పాకం, బాగా మంచు చేర్చి చూశాము. అప్పుడు బోధపడింది దాని ప్రయోజనం. మామూలు రమ్మయితే పులుపులో మునిగి, మంచు కరిగేకొద్దీ పలచబడి మాయమవుతుంది. ఇది చివరి గుక్క వరకు తన వాసనను నిలుపుకున్నది. కాఫీలో చికోరీ పనే ఇక్కడ గయానా రమ్ముది. ఇద్దరం పంచుకున్నది ఆ ఒక్క గ్లాసే, అది చాలు.

ఇదంతా కలపడం. ఇక కల్తీ మాట. 1981లో మన బెంగుళూరులో దొంగసారా తాగి మూడు వందల మందికి పైగా చనిపోయారు. అటువంటి సారాలో కలిసే మిథైల్ ఆల్కహాలు కళ్ళు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. దాన్ని నాలుక పసిగట్టలేదు, ముక్కు పసిగట్టలేదు. రుచి ఎరిగినవాడినన్న ధీమా అక్కడ ఎందుకూ కొరగాదు. కూలి డబ్బులతో చవక సరుకు కొనేవాడే దానికి బలి అవుతాడు. వాని వెనుక ఇల్లాలు, పిల్లలు.

రెండింటికీ తేడా ఒక్కటే. కలిపేవాడు ఏమి కలిపాడో సీసా మీద రాసి, పేరు పెట్టి అమ్ముతాడు. కల్తీ చేసేవాడు చీకట్లో కలిపి, పేరు దాచి అమ్ముతాడు. కాఫీపొడి కానివ్వండి, నూనె కానివ్వండి, మద్యం కానివ్వండి, “ఇందులో ఏమి కలిపారు?” అని అడిగే హక్కు కొనేవానిది. జవాబు చెప్పలేని అంగడి మెట్టు ఎక్కకపోవడమే క్షేమం.