ఒక ప్రోటీను - రెండు కొలువులు

"ఒక జన్యువు - ఒక ఎంజైము" అనే సూత్రం చదవని జీవశాస్త్ర విద్యార్థి ఉండడు. 1941లో బీడిల్, టాటమ్ న్యూరోస్పోరా అనే బూజు మీద చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన మాట అది. ఆ సూత్రం తప్పని నేననను. కాని ఆ ఎంజైము ఒక్క పనే చేస్తుందని అందులో ఎక్కడా లేదు కదా! ఈ సంగతి మనకు బాగా నేర్పిన జీవి ఈస్ట్. రొట్టెను పొంగించేదీ, కల్లును పులియబెట్టేదీ ఇదే.

ఈస్ట్‌కు ఒక గొప్ప సౌకర్యం ఉంది. మైటోకాండ్రియా పాడైపోయినా గ్లూకోజు దొరికితే చాలు, కిణ్వనంతో బతికేస్తుంది. గ్లిసరాల్ మీద మాత్రం పెరగలేదు. 1949లో పారిస్‌లో ఎఫ్రుస్సీ గమనించిన "పెటీట్" అనే చిన్న చిన్న కాలనీలు ఇలాంటివే. మరో జీవిలో అయితే చావే ఫలితమయ్యే లోపాన్ని ఇందులో తీరిగ్గా పరిశీలించవచ్చు.

ఈస్ట్ మైటోకాండ్రియాలో సుమారు వెయ్యి రకాల ప్రోటీనులుంటాయి. దాని సొంత డి.ఎన్.ఎ. తయారుచేసే ముఖ్య ప్రోటీనులు ఎనిమిదే. మిగతావన్నీ కేంద్రకంలోని జన్యువుల చలవే. అందులో ఒకటి అకోనిటేజ్. క్రెబ్స్ వలయంలో సిట్రేట్‌ను ఐసోసిట్రేట్‌గా మార్చడం దాని పని. ఆ జన్యువును తీసేస్తే వలయం ఆగుతుంది. అది ఊహించిందే. కాని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. కూడా మాయమవుతుంది! ఎందుకని?

ఒక పోలిక చెబుతాను. ఊళ్లో బడిపంతులే పోస్టుమాస్టరు కూడా అనుకుందాం. ఆయన సెలవు పెడితే రెండూ మూతపడతాయి. కొత్తగా వచ్చినవాడు "బడి మూసినందువల్లనే పోస్టాఫీసు మూశారు" అనుకుంటాడు. నిజం తేలాలంటే పంతులుగార్ని ఊళ్లోనే ఉంచి, ఆయన చేతిలో సుద్దముక్క మాత్రం తీసేసి చూడాలి. ఉత్తరాలు అందితే ఆ రెండు పనులూ వేర్వేరని తెలిసినట్టే.

అమెరికాలో రోనాల్డ్ బ్యూటో బృందం 2005లో ప్రకటించిన పరిశోధన సరిగ్గా ఇలాంటిదే. ఉత్పరివర్తనంతో అకోనిటేజ్ ఎంజైము శక్తిని పోగొట్టి, ప్రోటీనును మాత్రం ఉండనిచ్చారు. డి.ఎన్.ఎ. నిలిచింది! అంతేకాదు, ఆ డి.ఎన్.ఎ.ను పొందికగా చుట్టి ఉంచే ఏబీఎఫ్2 అనే ప్రోటీను లేని కణాల్లో అకోనిటేజ్‌ను ఎడతెగకుండా తయారుచేయిస్తే, ఆ లోటును కూడా ఇదే తీర్చింది.

అయితే అన్ని ప్రోటీనుల కథా ఒక్కటి కాదు. ఫ్యూమరేజ్ సంగతి చూడండి. ఒకే జన్యువు నుంచి పుట్టి, కొంత మైటోకాండ్రియాలో, కొంత బయటి సైటోప్లాసంలో ఉంటుంది. కేంద్రకంలోని డి.ఎన్.ఎ. దెబ్బతింటే బయటి ఫ్యూమరేజ్ అక్కడికి చేరి మరమ్మతుకు తోడ్పడుతుందని జెరూసలేంలోని ఓఫ్రీ పైన్స్ బృందం 2010లో చూపింది. ఇక్కడ మాత్రం ఎంజైము శక్తి ఉండి తీరాలి. అంటే ఈ పంతులుగారు రెండు చోట్లా సుద్దముక్కతోనే పని చేస్తారన్నమాట!

"ఈస్ట్ గొడవ మనకెందుకు?" అని మిత్రులు అడగవచ్చు. మనుషుల్లో ఫ్యూమరేజ్ జన్యువు లోపం వంశపారంపర్యంగా వస్తే చర్మంలో, గర్భాశయంలో గడ్డలు, కొందరికి మూత్రపిండాల కాన్సరు రావచ్చని 2002లో తేలింది. ఒక జన్యువు చెడినప్పుడు ఏ పని ఆగినందువల్ల ఏ జబ్బు వచ్చిందో విడదీయకపోతే, చికిత్సకు ఎక్కడ గురిపెట్టాలో వైద్యుడికి తెలియదు. కనుక జన్యువును తీసేసి చూడటం సగం ప్రయోగమే. ఏ పని ఏ భాగానిదో విడదీసి చూపినప్పుడే మిగతా సగం పూర్తవుతుంది.