నడవలేనివారి కోసం నాలుగడుగులు

అన్నదానం, వస్త్రదానం, విద్యాదానం మనమెరిగినవే. కాళ్ళతో చేసే దానం కూడా ఒకటున్నది. అది తెలుగువారికి బొత్తిగా కొత్త కాదు. కాలినడకన వచ్చిన వినోబా భావేకు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఒకరు నడిస్తే నలుగురి మనసు కదులుతుందనడానికి వేరే సాక్ష్యం కావాలా? ఇప్పుడు ఆ నడకే పార్కిన్సన్ రోగుల పక్షాన బయలుదేరింది.

ఏమిటీ జబ్బు?

లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఒక చిన్న గ్రంథం రాసి ఈ రోగాన్ని లోకానికి పరిచయం చేశాడు. మన వైద్యులు దీని లక్షణాలను కంపవాతంలో చెప్పారు. మెదడులో డోపమిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. ఒళ్ళో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. అడుగు పొట్టిదవుతుంది, చేతిరాత చిన్నదవుతుంది, ముఖంలో నవ్వు కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికే ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా దీనితో బాధపడుతున్నారు.

ఇది అంటువ్యాధి కాదు. ఏ జన్మలోనో చేసిన పాపఫలమూ కాదు. వణికే ప్రతి చెయ్యీ పార్కిన్సన్ చెయ్యి అనుకోవడమూ పొరపాటే. ఆ సంగతి నరాల వైద్యుడు తేల్చాలి.

మందు కథలో మనవారికీ భాగమున్నది. ఒంటికి తగిలితే దురదపెట్టే దూలగొండి కాయ పల్లెటూరి పిల్లలందరికీ తెలుసు. దాని గింజలనుంచి లెవోడోపాను 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేశారు. 1960ల తర్వాత ఆ లెవోడోపాయే ఈ రోగానికి ముఖ్యమైన ఔషధమయింది. అలాగని గింజలు నూరి సొంతవైద్యం చేసుకోరాదు సుమా!

నడక ఎలా మొదలయింది?

1994లో న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో కొన్ని కుటుంబాలు కలిసి పార్కిన్సన్ రోగుల కోసం ‘ఐక్యతా నడక’ ప్రారంభించాయి. దూరం మైలున్నర కూడా లేదు. పద్ధతి చాలా సులువు. ఇంటివారు, మిత్రులు ఒక జట్టుగా చేరతారు. ‘మా నాన్న కోసం నడుస్తున్నాం, మీకు తోచింది ఇవ్వండి’ అని ఎరిగినవారిని అడుగుతారు. పోగైన సొమ్ము పరిశోధనకు పోతుంది. నడవగలిగిన రోగి నడుస్తాడు; నడవలేనివాణ్ణి మనవడు చక్రాల కుర్చీలో తోసుకుపోతాడు. పార్కిన్సన్ పుట్టినరోజయిన ఏప్రిల్ 11 నేడు ప్రపంచ పార్కిన్సన్ దినం. ఆ రోజుల్లో హైదరాబాదులోనూ వైద్యులు, రోగులు కలిసి నడిచిన సందర్భాలున్నాయి.

డబ్బు ఒక్కటే ఫలం కాదు. నలుగురిలో చెయ్యి వణుకుతుందని పెళ్ళికి పోవడం మానేసి, కల్లో నీళ్ళో ఒలుకుతాయని విస్తరి ముందు కూర్చోవడం మానేసి, చివరకు గడప దాటడమే మానేసే పెద్దలు ఎందరో! అలాటివారికి తమవంటి మరో పదిమందిని చూడడమే సగం ధైర్యం. పైగా, క్రమం తప్పని వ్యాయామం ఈ జబ్బుకు మేలు చేస్తుందని వైద్యులంటారు.

దోమకొండలో అయితే?

ఇటువంటి నడక నగరాలకే ఎందుకు పరిమితం కావాలి? కామారెడ్డి జిల్లా దోమకొండనే తీసుకోండి. అక్కడి గడికోటను శ్రద్ధగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. గడి ముందునుంచి బజారు దాకా నడిస్తే చాలు, ఊరంతా చూస్తుంది. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టి సంసారం ఈదే ఆడవారు ఎక్కువ. వేళ్ళు మందగిస్తే ఆ పూట కూలి తగ్గుతుంది. కొడుకులు గల్ఫులో ఉంటారు. ‘ముసలితనం గదా బిడ్డా’ అని అవ్వ ఊరుకుంటుంది. ఆ అవ్వను వైద్యుడి దగ్గరకు చేర్చడానికి బస్సు ఖర్చు, నెలనెలా మాత్రలు: పోగైన ప్రతి రూపాయికీ అక్కడ పని ఉన్నది.

మనకు మరో అనుకూలమూ కద్దు. ఈ రోగులకు నడుస్తూ నడుస్తూ పాదం నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం మామూలు. అప్పుడు లయగా ఒక చప్పుడు వినిపిస్తే, లేదా దాటడానికి నేలమీద ఒక గీత కనిపిస్తే, చాలామందికి అడుగు మళ్ళీ పడుతుంది. లయకు తెలంగాణలో కరువా? డప్పు ముందు నడిస్తే సరి!

నడిపించేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. దూరం తక్కువ పెట్టాలి. మధ్య మధ్య కూర్చోవడానికి బల్లలుండాలి. మాత్ర బాగా పనిచేసే వేళ చూసి బయలుదేరాలి. ఆగిపోయిన మనిషిని చెయ్యి పట్టి లాగరాదు. ‘ఒకటి, రెండు’ అని మెల్లగా లెక్కపెట్టాలి. మలుపు తిరిగేటప్పుడు మాటల్లో దింపరాదు. వసూలైన సొమ్ము లెక్క అదేరోజు అందరి ఎదుట చదవాలి.

ఇన్ని చేసినా జబ్బు పూర్తిగా పోదు. దాన్ని నయంచేసే మందు నేటికీ లేదు. కాని, మనిషి ఒంటరితనానికి మందు మన చేతిలోనే ఉన్నది. వచ్చే ఏప్రిల్ దాకా ఆగనక్కరలేదు. ఈ సాయంత్రమే మీ వీధిలో చెయ్యి వణికే బాపునో, అవ్వనో పలకరించి, వారి అడుగుకు అడుగు కలిపి వీధి చివరిదాకా వెళ్ళి రండి.