ముందు నీరు.. తరువాతే చేపలు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంకు ఓర్పే తొలి పెట్టుబడి
పగడాల కొనుగోలులో చట్టాన్ని విస్మరిస్తే చిక్కులే

విశాఖపట్నం: నారింజ రంగు ఒంటిపై తెల్లని చారలతో రాళ్ల సందుల్లో కదలాడే క్లౌన్ చేపను చూసినవారికి దానిని ఇంటికి తెచ్చుకోవాలనిపించడం సహజం. మంచినీటి చేపలను పెంచి అనుభవం గడించిన వారిలో కొందరు పగడపు దిబ్బను తలపించే ఉప్పునీటి అక్వేరియంపై మనసు పడుతుంటారు. అయితే తొట్టి కొన్న రోజే చేపలను వదిలితే అవి వారం రోజులైనా బతకడం కష్టం. లోపం చాలా సందర్భాల్లో చేపలో ఉండదు, నీటిలోనే ఉంటుంది. ఆలస్యం అమృతం విషమని పెద్దలు చెబుతారు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆలస్యమే అమృతం.

సముద్రం చెంతనే ఉన్నా..

తీరంలో ఉన్నవారికి బిందెలతో సముద్రపు నీరు తెచ్చి పోస్తే సరిపోతుందన్న ఆలోచన వస్తుంది. ఒడ్డున దొరికే నీటిలో మురుగు, నూనె తెట్టు, రసాయనాలు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పైగా బంగాళాఖాతంలో ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వర్షాకాలం ముగిశాక గంగ, బ్రహ్మపుత్ర నదుల నుంచి చేరిన మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి ప్రవహిస్తుంది. దీంతో అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తర కోస్తా వద్ద ఉపరితల నీటి ఉప్పదనం గణనీయంగా తగ్గుతుంది. పగడపు దిబ్బల్లో నివసించే జీవులకు కావలసింది స్థిరత్వం. కిలో నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఎప్పుడూ ఉండాలి.

అందుకే అక్వేరియంల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన సముద్ర లవణ మిశ్రమాన్ని శుద్ధిచేసిన నీటిలో కలిపి వాడటం శ్రేయస్కరం. 200 లీటర్ల నీటికి 7 కిలోలకు పైగా మిశ్రమం అవసరమవుతుంది. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. అందులో సముద్రపు నీటికి ప్రాణమైన కాల్షియం, మెగ్నీషియం తగినంతగా ఉండవు. కుళాయి నీటిలోని క్లోరిన్, రాగి వంటివి హాని చేస్తాయి కాబట్టి ఆర్‌వో పద్ధతిలో శుద్ధిచేసిన నీరే వాడాలి. ఇళ్లలోని కొన్ని ఆర్‌వో యంత్రాలు రుచి కోసం తిరిగి ఖనిజాలను కలుపుతాయి. అటువంటి నీరు పనికిరాదు. నీటిలో కరిగిన ఘన పదార్థాల కొలత, అంటే టీడీఎస్, దాదాపు సున్నా ఉండాలి.

తొట్టి పెద్దదైతేనే మేలు

చిన్న తొట్టి అయితే ఖర్చు తక్కువని భావిస్తారు. నిజానికి నీరు తక్కువైన కొద్దీ వేడి, ఉప్పదనం త్వరగా మారిపోతాయి. కొత్తగా ప్రారంభించేవారికి నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు గల తొట్టి అనువైనది. ఇందులో సుమారు 250 లీటర్ల నీరు పడుతుంది. రాళ్లు, ఇసుక, స్టాండు కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. గోడకు ఆనించి, చదునైన గట్టి నేలపైనే అమర్చాలి. కిటికీ ఎండ నేరుగా పడరాదు.

నీటిని అటూ ఇటూ కదిలించే పంపులు, మలినాలను నురగ రూపంలో బయటకు తీసే ప్రొటీన్ స్కిమ్మర్, ఉప్పదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్ష కిట్లు తప్పనిసరి. విద్యుత్తు తీగలు ప్లగ్గు కన్నా కిందికి వంపు తిరిగి వేలాడేలా చూడాలి. లేకుంటే తీగ వెంట జారిన ఉప్పునీరు ప్లగ్గులోకి చేరి ప్రమాదానికి దారితీస్తుంది.

కంటికి కనిపించని పని

చేపల విసర్జితాలు, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. ఇది చేపలకు విషం. క్షార స్వభావం గల సముద్రపు నీటిలో దాని తీవ్రత మరింత ఎక్కువ. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వల్ల హాని బాగా తక్కువ. దానిని నీరు మార్చడం ద్వారా తొలగించవచ్చు.

ఈ బ్యాక్టీరియా రాళ్లపై, ఇసుకలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండానే తొట్టిని నడపాలి. చిటికెడు మేత వేసినా నీటిలో అమ్మోనియా పుట్టి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. మొదట అమ్మోనియా, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. రెండూ సున్నాకు చేరి నైట్రేట్ మాత్రమే కనిపించిన నాడు తొట్టి సిద్ధమైనట్లు లెక్క. ఈ దశలో రాళ్లపై గోధుమ రంగు నాచు పేరుకోవడం మామూలే. దానిని చూసి తొట్టిని ఖాళీ చేసి కడిగితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

తొలి అతిథులు

చేపలను ఒకేసారి కాకుండా రెండు మూడు వారాల విరామంతో ఒకటి రెండు చొప్పున చేర్చాలి. కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని నిర్ధారించుకోవాలి. తెల్లమచ్చల వ్యాధికి వాడే రాగి మందును ప్రధాన తొట్టిలో వేయరాదు. అది రొయ్యలు, నత్తలు, పగడాలను చంపేస్తుంది.

ప్రారంభకులకు తగినది క్లౌన్ చేప. దానికి సముద్ర పుష్పం తోడు ఉండి తీరాలన్న నియమం లేదు. ఇవన్నీ తొలుత మగవే. రెండు పిల్లలను కలిపి పెంచితే పెద్దది ఆడచేపగా మారి జంట కుదురుతుంది. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేరళలోని విళింజం, తమిళనాడులోని మండపం కేంద్రాల్లో క్లౌన్ చేపల కృత్రిమ ప్రత్యుత్పత్తిని విజయవంతంగా సాధించింది. హేచరీలో పుట్టిన చేపలు తొట్టి జీవితానికి త్వరగా అలవాటు పడతాయి. సముద్రంలోని సంతతికీ నష్టం ఉండదు.

పగడాలతో జాగ్రత్త

మన దేశంలో ప్రధాన పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. దిబ్బలను నిర్మించే గట్టి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్ర విసనకర్రలతో పాటు సముద్ర గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చారు. 2022 సవరణ అనంతరం మొదటి షెడ్యూలు జీవులకు సంబంధించిన నేరాలకు మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా విధించే వీలుంది. గట్టి పగడాలు అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నందున విదేశాల నుంచి తేవాలన్నా అనుమతి పత్రాలు ఉండాలి.

దుకాణదారు "సాగు చేసినవే" అని చెప్పినంత మాత్రాన కొనుగోలుదారుకు రక్షణ లభించదు. పత్రాలు చూపమని అడగాలి. సందేహం ఉంటే అటవీ శాఖ కార్యాలయంలో విచారించిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. సముద్రం నుంచి తీసిన 'జీవశిల'లపైనా పగడాలు అంటుకొని ఉంటాయి. వాటికి బదులు సిరామిక్ రాళ్లు వాడితే బ్యాక్టీరియాకు నివాసమూ, కంటికి దిబ్బ రూపమూ రెండూ సమకూరుతాయి.

వేసవే అసలు పరీక్ష

నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 డిగ్రీలు దాటి కొనసాగితే జీవులపై ఒత్తిడి పెరుగుతుంది. పగడాలైతే రంగు కోల్పోతాయి. నీటిపైకి ఫ్యాను తిప్పితే కొంత చల్లబడుతుంది కానీ, గాలిలో తేమ అధికంగా ఉండే తీర ప్రాంతంలో దాని ప్రభావం పరిమితమే. ఏసీ గది గానీ చిల్లరు గానీ లేకుండా ఈ ప్రయత్నానికి దిగకపోవడమే మంచిది. కరెంటు పోయినప్పుడు నీటిలో ప్రాణవాయువు కొద్ది గంటల్లోనే తగ్గిపోతుంది. పంపులను ఇన్వర్టరుకు కలపాలి, లేదా బ్యాటరీతో నడిచే గాలి పంపును సిద్ధంగా ఉంచాలి.

నిత్యం పాటించవలసినవి

* ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు రోజూ శుద్ధిచేసిన మంచినీటినే పోయాలి.
* వారానికోసారి పది శాతం నీటిని తీసి, ముందుగా కలిపి ఉంచిన ఉప్పునీటిని నింపాలి.
* చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేంత మేతే వేయాలి.
* తొట్టి ఉన్న గదిలో దోమల మందు పిచికారీ చేయరాదు. సబ్బు అంటిన చేతులు నీటిలో పెట్టరాదు.
* పెంచలేని పరిస్థితి వస్తే చేపలను సముద్రంలో వదలరాదు. పరాయి జాతులు, రోగాలు అక్కడి జీవులకు ముప్పు తెస్తాయి. దుకాణానికో, మరో పెంపకందారుకో అప్పగించాలి.