పాత బుల్లెట్టా, కొత్త బుల్లెట్టా? బైకర్ల మధ్య తెగని వాదన వెనక అసలు సంగతి ఇదీ

పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ దుకాణాల ముందు గానీ, ఆదివారం పొద్దున ఇరానీ హోటల్ దగ్గర గానీ నలుగురు బుల్లెట్ ఓనర్లు కలిస్తే మాట చివరికి ఒక్క చోటుకే వస్తుంది. "పాత బండిలో ఉన్న మజా కొత్త దాంట్లో ఎక్కడిది భాయ్?" అని ఒకరంటారు. "మజా సరే, రోడ్డు మధ్యలో ఆగిపోతే ఎవరు తోస్తారు?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే బండి ఎందుకు మారిందో తెలిస్తేనే ఈ వాదన సరిగ్గా అర్థమవుతుంది.

ఇంగ్లండ్‌లో పుట్టి మద్రాసులో పెరిగిన బండి

బుల్లెట్ పేరు 1930ల నాటిది. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ దీన్ని తయారు చేసేది. సరిహద్దు గస్తీ కోసం మన ప్రభుత్వం 350 సీసీ బుల్లెట్లు ఆర్డర్ చేయడంతో ఇక్కడ దాని దశ తిరిగింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో బండ్లు తయారయ్యాయి. 1970ల మొదట్లోనే ఇంగ్లండ్ కంపెనీ మూతపడింది గానీ మద్రాసు బండి మాత్రం ఆగలేదు. అందుకే దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా అదే ఆకారం, అదే ఇంజిన్‌తో బుల్లెట్ మన రోడ్ల మీద తిరిగింది. 1994లో ఈ కంపెనీ ఐషర్ చేతికి వచ్చింది.

పాత బండిలో ఏముంది?

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ స్టార్ట్ చేయడమే ఒక విద్య. ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకు వచ్చే దాకా కిక్ మెల్లగా నొక్కాలి. తర్వాత డీకంప్రెషన్ లివర్ పట్టుకుని పిస్టన్‌ను కొంచెం దాటించి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. లెక్క తప్పితే కిక్ ఎదురు తిరిగి కాలికి దెబ్బ తగిలేది. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇప్పటి బండ్లకు పూర్తిగా ఉల్టా. ఏళ్ల తరబడి పాత బండి నడిపిన పెద్దమనిషి కొత్తది ఎక్కితే, బ్రేకు అనుకుని గేరు నొక్కే ప్రమాదం ఉంది. అలవాటయ్యే దాకా ఖాళీ రోడ్డు మీద నడపడమే మంచిది.

ఇక ఆ 'డుగ్ డుగ్' చప్పుడు. పాత ఇంజిన్‌లో 70 మిల్లీమీటర్ల పిస్టన్ 90 మిల్లీమీటర్ల దూరం కిందికీ మీదికీ కదిలేది. ఒకే పెద్ద సిలిండర్, బరువైన ఫ్లైవీల్, నెమ్మదిగా తిరిగే ఇంజిన్. ఒక్కో దెబ్బ విడివిడిగా వినపడేది అందుకే. అదే కారణంతో హ్యాండిల్ వణికేది, నట్లు లూజయ్యేవి. ఆయిల్ కారడం కూడా మామూలే. అంటే జనం మురిసిపోయే చప్పుడూ, విసుక్కునే వణుకూ ఒకే ఇంజిన్ నుంచి వచ్చేవి.

ఎందుకు మార్చారు?

కంపెనీకి సరదా పుట్టి మార్చింది కాదు. పొగ నిబంధనలు గట్టిపడ్డాక కాస్ట్ ఐరన్ ఇంజిన్ నిలవలేకపోయింది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే కొత్త ఇంజిన్ వచ్చింది. 2009లో దాంతోనే క్లాసిక్ బండ్లు వచ్చాయి. చూడటానికి 1950ల నాటి రూపం, లోపల కొత్త యంత్రం. ఈ సూత్రం జనానికి బాగా నచ్చింది, బండి కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. అప్పటికి కార్బొరేటర్ కాలం దాదాపు ముగిసింది. 2020 చివర్లో మీటియోర్‌తో వచ్చిన 349 సీసీ ఇంజిన్‌నే 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు పెట్టారు. ఇందులో వణుకును తగ్గించడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంటుంది. కిక్ మాత్రం పోయింది. పాతవాళ్లకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

జావా, యెజ్డీలదీ ఇదే కథ

మైసూరులో 1960ల నుంచి తయారైన జావా, తర్వాత యెజ్డీ పేరుతో 1996 దాకా నడిచింది. అది టూ స్ట్రోక్ బండి, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోయాలి. 2018లో జావా పేరు తిరిగి వచ్చినప్పుడు ట్యాంకు ఆకారం, రెండు సైలెన్సర్లు అలాగే ఉంచారు. ఇంజిన్ మాత్రం నీళ్లతో చల్లబడే ఫోర్ స్ట్రోక్. ముందు రేడియేటర్ కనపడగానే "ఇది మన జావా కాదు" అన్నవాళ్లున్నారు. ఆ రేడియేటర్ లేకుండా ఆ పవర్, ఆ పొగ నిబంధన రెండూ కుదరడం కష్టమని సమాధానం చెప్పినవాళ్లూ ఉన్నారు.

నష్టం ఎవరికి?

ఈ వాదనలో పెద్దగా వినపడని గొంతు మెకానిక్‌లది. పాత బుల్లెట్‌ను చెవితో విని రోగం చెప్పే ఉస్తాద్‌లు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు. ట్యాపెట్ సెట్ చేయడానికి వాళ్లకు ఒక పానా, కాస్త ఓపిక చాలు. కొత్త బండిలో సెన్సర్ చెడిపోతే స్కానర్ కావాలి. అది లేని ఉస్తాద్ దగ్గరికి వచ్చిన బండి చివరికి షోరూమ్‌కే పోతుంది. స్కానర్ కొని, ఫ్యూయల్ ఇంజెక్షన్ పని నేర్చుకున్న కుర్రాళ్లు నిలబడుతున్నారు. నేర్చుకోలేని పెద్దవాళ్లకు పాత బండ్లు ఉన్నంత కాలమే పని.

కొనేముందు చూసుకోవాల్సినవి

రోజూ ఆఫీసుకు, ట్రాఫిక్‌లోకి, హైవే మీదికి అయితే కొత్త బండే మేలు. తడి రోడ్డు మీద సడెన్ బ్రేక్ వేసినప్పుడు ఏబీఎస్ విలువ తెలుస్తుంది. పాతది కొనాలనుకుంటే ముందు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోయాయో లేదో చూసుకోవాలి. 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందా, ఇన్సూరెన్స్ ఉందా అన్నదీ ముఖ్యమే.

కొత్త బండికి పాత చప్పుడు కోసం సైలెన్సర్ మార్చడం మాత్రం వద్దు. శబ్ద కాలుష్య నిబంధనలు దాటితే మోటారు వాహనాల చట్టం కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. పైగా రాత్రి పూట ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచేది పక్కింటి పసిబిడ్డ, గుండె జబ్బు ఉన్న ముసలాయన.

ఇంట్లో నాన్న నడిపిన బుల్లెట్ ఉంటే దాన్ని తుక్కుకు వేయాల్సిన పని లేదు. కాగితాలు సరిగ్గా ఉంచి, ఆదివారం పూట కిక్ కొట్టి ఒక చక్కర్ వేసి రావచ్చు. సోమవారం ఆఫీసుకు పోవడానికి కొత్తది ఉండనే ఉంది.